చెక్క వదిలిన రోజు

మొన్న శుక్రవారం మధ్యాహ్నం ఉల్లిపాయ ముక్కల మీద పోసుకుందామని ఖర్జూరపు సిర్కా, అదే వెనిగరు, సీసా మూత తిప్పాను. ముక్కు దగ్గర పెట్టుకుంటే పులుపు ఘాటు తప్ప ఏమీ తగల్లేదు. వేయించిన జీడిపప్పు లాంటి ఆ వాసన ఎటు పోయిందో. సీసా మెడకి అంటించిన చీటీ మీద సత్యం బాబాయి పెన్సిలు రాత మాత్రం చెక్కు చెదరలేదు. అది సిర్కా చెక్క పీపా వదిలి సీసాలోకి దిగిన తేదీ. అయిదేళ్ళు దాచాను. బుద్ధి తక్కువ నాది, ఇంకేమనాలి.

బాబాయిది అమలాపురం వైపు. నాకు చుట్టమేమీ కాదు. ఈ పరాయి అరబ్బు దేశంలో మనకంటే పెద్దాయన తెలుగులో పలకరిస్తే బాబాయే కదా. కబ్ద్‌లో మా కఫీల్, అదే మాకు వీసా ఇచ్చిన యజమాని తోటలో ఖర్జూరాలు పులియబెట్టి సిర్కా చేసేవాళ్ళం. చల్లటి గదిలో వరసగా ఉండే చెక్క పీపాల పెత్తనమంతా ఆయనదే, సీసాల మెడకి తేదీ చీటీలు రాసేదీ ఆయనే. సీసాలు కడగడం, నింపడం, లేబుళ్ళు అంటించడం నా పని. తేనె రంగులో పీపాలోకి వెళ్ళిన సిర్కా ఏళ్ళు గడిచేకొద్దీ నల్లబడి, ఘాటు తగ్గి కమ్మబడేది.

"చెక్క గాలి పీలుస్తాదిరా అబ్బాయ్, గాజు పీల్చదు. సీసాలోకెళ్ళాక పెరగడం ఖలాస్. ఇంక తరగడమే," అనేవారు. నేను ఊఁ కొట్టేవాణ్ణి గానీ చెవికెక్కించుకోలేదు.

ఒకసారి స్టోరు మూలన పాత సీసాలు నలభై దాకా దొరికాయి. పీపాలో ఎనిమిదేళ్ళు, సీసాలో ఆరేళ్ళు ఉన్న సరుకు. పెద్ద హోటలాయన చూడ్డానికి వస్తున్నాడు, కొత్త లేబుళ్ళు వెయ్యమన్నాడు కఫీల్. బాబాయి జ్వరంతో పడుకుని ఉన్నారు. మా ఇంట్లో పాత చింతపండుకి జరిగే మర్యాద తలుచుకుని, ఎనిమిదీ ఆరూ కలిపి 'పద్నాలుగేళ్ళు' అని అంటించేశాను. కఫీల్ పొంగిపోయి, వచ్చినాయనకి గొప్పగా చెప్పేశాడు కూడా.

హోటలాయన చెంచాతో రుచి చూసి, అప్పుడే లేచి వచ్చిన బాబాయి వైపు తిరిగాడు. "నిజంగా పద్నాలుగేళ్ళా?"

వచ్చే నెలతో నా ఇఖామా, అంటే ఇక్కడ ఉండనిచ్చే పర్మిట్టు, అయిపోతుంది. కఫీల్ సంతకం పెట్టకపోతే ఇంటికే. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

బాబాయి సీసా మెడ తుడిచి తన చీటీ చూపించారు. "ఎనిమిదేళ్ళే అయ్యా. ఆరేళ్ళు సీసాలో ఊరికే కూర్చుంది. లేబుల్ తప్పు నాది," అని అరబ్బీలో చెప్పారు. కఫీల్ మొహం మాడిపోయింది. బాబాయి అదేమీ పట్టనట్టు, ఎనిమిదేళ్ళ పీపాలోంచి కాస్త పట్టి ఇచ్చారు. అది తాగి హోటలాయన పీపా మొత్తం మాట్లాడుకుని వెళ్ళాడు. అయినా కఫీల్ కోపం చల్లారలేదు. ఆ ఏడు బాబాయికి ఊరెళ్ళే సెలవు లేకుండా చేశాడు.

హోటలాయన వెళ్ళిన ఆ సాయంత్రం నాకు ఏడుపు ఆగలేదు. "నా పేరు చెప్పొచ్చు కదా బాబాయ్."

"నీ ఇఖామా నెల్లో పోతాది. నాది ఇంకా రెండేళ్ళుంది. చూసుకునే అన్నాన్లే. ఆ లేబుళ్ళు గీకు, యల్లా, కానియ్."

ఆయన శాశ్వతంగా ఊరెళ్ళిపోయేటప్పుడు తన చేత్తో నింపిన సీసా నా చేతిలో పెట్టి, "దాచకు, తినెయ్," అన్నారు. ఆయన చేతిది మళ్ళీ దొరకదని దాచాను. అదే మొన్న తీసింది.

వెంటనే ఫోను చేశాను. "బాబాయ్, మీ సీసా ఇవాళ తీశానండీ."

"ఎలా ఉందిరా వాసన?"

బ్రహ్మాండం అనేస్తే ముసలాయన ఎంత సంబరపడేవారో. నోటిదాకా వచ్చింది. కానీ చీటీ నా కళ్ళ ముందే ఉంది.

"పోయింది బాబాయ్. దాచి పాడుచేశాను."

అటువైపు నవ్వు వినిపించింది. "పోతే పోయింది. లేబుల్ సరిగ్గా చెప్పావు. ఉల్లిపాయల్లో పోసుకుని తినెయ్."

తిన్నాను. ఇప్పుడు ఆ పీపాల పెత్తనం నాది, పెన్సిలు కూడా.