స్థూపమనుకున్న బోరింగు

మొన్న సిరిసిల్లలో మా మనవరాలు ఫ్రిజ్‌లోంచి సీసా తీస్తూ, "నానమ్మా, మీ కాలంల ఏ నీళ్లు తాగేటోళ్లు?" అని అడిగింది. బోరింగు నీళ్లే బిడ్డా, అని ఊరుకున్నాను. కానీ ఆ మాట అనగానే నా చెవుల్లో లాఠీ చప్పుడు మొదలైంది.

మా ఆయనది నీళ్లు పరీక్షించే సర్కారు ఉద్యోగం. కోరుట్ల నుంచి బోయినపల్లి దాకా పెట్టె భుజానేసుకుని తిరిగేవాడు. చిన్న సీసాలో నీళ్లు పట్టి, పొడి వేసి, మూతికి తెల్ల కాగితం బిగించేవాడు. కాగితం తెల్లగానే ఉంటే బోరింగుకు ఆకుపచ్చ రంగు. పసుపు తిరిగితే నీళ్లలో పాషాణం, అదే ఆర్సెనిక్ విషం, ఉన్నట్టు; ఎర్ర రంగు. ఒక ఏడు బతుకమ్మకు మా మేనమామ ఇంటికి వెళ్తే అక్కడికీ పెట్టె తెచ్చుకున్నాడు. పండుగకొచ్చిన అల్లుడు ఇంటి ముందున్న ఊరి బోరింగు దగ్గర గొంతుకూర్చుంటే ఆడవాళ్లంతా ఒకటే నవ్వు. కాగితం పసుపు తిరిగాక ఎవరూ నవ్వలేదు.

మేనమామ నేతగాడు, ఏ పనీ సగం చేయడం చేతకాదు. బోరింగు ముక్కుకు కాస్త పూస్తే సరిపోయేదానికి, "నువ్వు కూసో అల్లుడా" అని డబ్బా లాక్కుని గద్దె నుంచి తల దాకా ఎర్రగా మెరిపించాడు. మర్నాడు మా ఆయన డ్యూటీకి వెళ్లిపోయాడు. ఆ మధ్యాహ్నమే పోలీసు జీపు వచ్చింది. చనిపోయిన నక్సలైట్లకు ఊళ్లలో ఎర్ర స్థూపాలు కడుతున్న రోజులవి. పోలీసులు వాటిని కూలగొట్టేవారు.

"ఎవని స్థూపంరా ఇది?"

"స్థూపం కాదు సార్, బోరింగు. నీళ్లల్ల పాషాణం ఉన్నదని సర్కారోళ్లే ఎర్ర రంగెయ్యమన్నరు."

"సర్కారు ఎర్ర రంగెయ్యమంటదారా?"

మేనమామ కుడిచెయ్యి గద్దె మీద పెట్టించి లాఠీతో కొట్టారు. మగ్గం మీద నాడె విసిరే చెయ్యి అది. వేళ్లు విరిగిన చప్పుడు గడపలో ఉన్న నాకు వినిపించింది. అడ్డం వెళ్లిన ఆయన భార్యను, మా అత్తమ్మను, జుట్టు పట్టి ఈడ్చేశారు. ఆ విరిగిన చేతికే ఇటుకముక్క ఇచ్చి రంగంతా గీకించారు. వాళ్ల మీద నాకింకా కోపం పోలేదు, పోనివ్వను కూడా.

తెల్లారి చూస్తే బోరింగు దగ్గర బిందెల వరుస. రంగు పోయింది కాబట్టి నీళ్లు మంచివైపోయాయన్నట్టు! మేనమామ ఎడమచేత్తో పానా పట్టుకెళ్లి బోరింగు పిడి ఊడదీశాడు. పక్కింటాయన ఆయన్ని రొమ్ము మీద తన్నాడు. "నీ ఎర్ర బోరింగు కోసం ఊరంత దెబ్బలు తినాల్నా?" అంటూ ఇంకో ఇద్దరు మీద పడ్డారు. నోట్లోంచి రక్తం కారుతున్నా మేనమామ పిడి వదల్లేదు. "కొట్టుండ్రి, గని గీ నీళ్లు తాగకుండ్రి" అంటూ పాక్కుంటూ పోయి, ఇంటి వెనక పాడుబావిలో దాన్ని పడేశాడు.

ఆయన మళ్లీ మగ్గం ఎక్కలేదు. తన్నిన పక్కింటాయన మాత్రం, ఆ నీళ్లు తాగకుండా మిగిలి, మునిమనవల్ని ఎత్తుకున్నాడు. పాషాణం మనిషిని ఏళ్ల తరబడి నెమ్మదిగా చంపుతుందట; అంత నెమ్మదైన చావు గురించి వినే తీరిక ఆ రోజుల్లో ఆ ఊళ్లో ఒక్క మా మేనమామకే ఉండింది.