ఐదు గిగాహెర్ట్జ్ కోసం నరసరావుపేటకు

నా భార్య సుజాత, నేను ఇరవై ఏళ్ళు ఒకే ఆట ఆడాం. చెరొక కంప్యూటర్ కట్టుకునేవాళ్ళం. కంపెనీ పెట్టిన హద్దు దాటించి ఎవరిది ఎక్కువ వేగంగా నడుస్తుందో చూసేవాళ్ళం. మాచర్లలో మా ముందుగదిలో రెండు మెషిన్లూ ఎదురెదురుగా ఉండేవి. ఓడినవాళ్ళదే ఆ పూట వంట. నాకు వంట బాగా వచ్చింది. ఆమె ఆఖరున కట్టినది నాలుగు పాయింట్ తొమ్మిది గిగాహెర్ట్జ్ దగ్గర ఆగింది. నరసరావుపేటలో ఏటా వేసవిలో జరిగే పోటీలో దాన్ని ఐదు దాటించాలని ఆమె పట్టు. ఆ వేసవి రాకముందే ఆమె చనిపోయింది. ఏడాది పాటు ఆమె మెషిన్ మీద దుమ్ము తుడిచాను, స్విచ్ వేయలేదు. ఈ మే నెలలో తీసుకుని బయలుదేరాను.

మాచర్లలో ఉదయం ఆరింటి బస్సు ఎక్కితే గురజాల, పిడుగురాళ్ల, నకరికల్లు మీదుగా ఎండ ముదరకముందే నరసరావుపేట చేరవచ్చు. పెట్టెను ఒళ్ళో పెట్టుకున్నాను. కండక్టర్ వేలితో కొట్టి చూశాడు.

“ఏంది సార్, టీవీనా?”

“కంప్యూటర్.”

“కింద పెట్టండి, ఎవరూ ఎత్తుకుపోరు. పిల్లోడిలాగా ఒళ్ళో ఏంది!”

నకరికల్లు వచ్చేసరికి కాళ్ళు తిమ్మిరెక్కాయి. అయినా కింద పెట్టలేదు.

వేగం పెంచేకొద్దీ మెషిన్ వేడెక్కుతుంది. పోటీలో ఏసీ, ఐసు కుదరవు. నీళ్ళతో చల్లబరచుకోవచ్చు. అందరూ ఫ్యాన్లు బిగించిన రేడియేటర్లు తెస్తారు. సుజాత పద్ధతి వేరు. ప్రాసెసర్ చిప్పు మీదుగా వెళ్ళే నీళ్ళ గొట్టాన్ని తడిగుడ్డ చుట్టిన మట్టికుండలోకి తిప్పేది. మన పొడి ఎండలో కుండ నీళ్ళు గది కన్నా చల్లగా ఉంటాయి, చెమ్మ కూడా పట్టదు అనేది. అందుకే బస్టాండులో దిగగానే యాభై రూపాయలకు ఆటో మాట్లాడుకుని బజారుకు వెళ్ళాను. కుండలమ్మే ముసలమ్మ ఎగాదిగా చూసింది.

“ఇంట్లో ఎంతమంది నాయనా?”

“ఒక్కణ్ణే.”

“అయితే ఈ బుల్లిది చాలు.”

“పెద్దదే ఇవ్వమ్మా.”

“ఒక్కడివి ఏనుగులాగా తాగుతావా ఏంది!” అంటూ తీసిచ్చింది. నూట యాభై.

పోటీ ఒక కల్యాణమండపంలో. పదిహేను మెషిన్లుంటాయేమో. మెషిన్‌తో గట్టిగా పని చేయించే పరీక్ష ఒకటి పెడతారు, అది నిమిషం పాటు ఆగకుండా నడిస్తేనే వేగం లెక్కలోకి వస్తుంది. పక్క బల్ల దగ్గర కోటేశ్వరరావు. గురజాలలో రిపేర్ షాపు అతనిది. సుజాతను అక్కయ్య అనేవాడు, అందుకని నన్ను బావా అంటాడు. కుండను చూసి, గుడ్డ తడిపి చుట్టడానికి తనే చేయి వేశాడు.

నాలుగు పాయింట్ తొమ్మిది దగ్గర పరీక్ష నెగ్గింది. నేను కీబోర్డు మీద నుంచి చేతులు తీశాను. పైకి పోవాలంటే వోల్టేజి పెంచాలి. పెంచితే ప్రాసెసర్ కాలిపోవచ్చు. ఆమె చేత్తో కట్టినది ఇదొక్కటే మిగిలింది.

“ఏంది బావా, ఆగినావు?”

“చాల్లే, కోటేశ్వరరావ్.”

“అక్కయ్య అయితే ఈపాటికి పొగ తెప్పించేది. నీకు చానా భయం.”

“భయమే.”

“మరి ఇంత దూరం మోసుకొచ్చింది దేనికి? తుడుచుకోడానికా?”

పెంచాను. తెరమీద ఐదు పాయింట్ సున్నా మూడు కనిపించింది. కోటేశ్వరరావు సెకన్లు పైకే లెక్కపెట్టాడు. నలభై దాటాక తెర నల్లబడింది. మళ్ళీ వెలగలేదు. నిమిషం నిండలేదు కాబట్టి లెక్కలోకి రాలేదు. అతను మూత విప్పి, వాసన చూసి, “చిప్పు పోయింది. బోర్డు బతికే ఉన్నట్టుంది” అన్నాడు. మూత బిగిస్తూ, “షాపులో పాత చిప్పులు రెండు మూడున్నాయి. నాతో రా. ఈసారి పోటీ నాతో, కాసుకో” అన్నాడు.

ఇది పోతే ఇంట్లో ఆమెది ఏమీ మిగలదనుకుని ఏడాది దాచాను. దాచిన ఏడాదంతా ఆ పెట్టె నిశ్శబ్దంగానే ఉంది. మండపంలో ఆ నలభై సెకన్లూ మా ముందుగదిలో ఉండే మెషిన్ల హోరు వినిపించింది. తిరిగి వచ్చేటప్పుడు మాచర్లకు టికెట్ తీసుకోలేదు. గురజాలలో దిగాను.

ఈ పోటీకి వెళ్ళేవాళ్ళకు ఒక మాట: ప్రాసెసర్ మీద బిగించే బరువైన భాగాలను ఇంట్లోనే విప్పి విడిగా చుట్టుకోండి. పిడుగురాళ్ల దాటాక బస్సు కుదుపులకు బోర్డు బీటలు వారవచ్చు.