బ్రౌన్ షుగర్, ఏసీ, మా ఇంటి కూడిక

నిన్న మా ఇంట్లో ఏం జరిగిందో చెప్తా, కానీ నవ్వొద్దు. నవ్వితే టీ పొయ్యను! సాయంత్రం మా అమీర్‌పేట ఫ్లాట్‌లో ఆడవాళ్ల ప్రార్థన కూడిక పెట్టుకున్నాం. హాలు నిండా జనం. అందరూ చేతులెత్తి గట్టిగా ప్రార్థన చేశారు. ఎవరి మీదనుకున్నారు? పాపం వాళ్లకు తెలీదు గానీ, నా మీదే!

నేను ఇంట్లో కేకులు చేసి అమ్ముతున్నానని తెలుసు కదా. ఇప్పటిదాకా అన్నీ పక్కింటి పిల్లల బర్త్‌డేలే. పోయిన వారం మా ఆడబిడ్డ ఎస్తేరు వదిన చర్చి బయట నన్ను ఆపింది. "గ్రేసీ, వచ్చే నెల నా బిడ్డ ఎంగేజ్‌మెంట్. కూడిక నాడు ఖర్జూరం కేక్ చెయ్యి, తిని చూస్త. మంచిగుంటే ఎంగేజ్‌మెంట్ కేక్ నీకే చెప్త. తెల్ల చక్కెర మాత్రం వెయ్యకు, మేం బ్రౌన్ షుగరే వాడుతం" అంది. మూడంతస్తుల కేక్! నా మొదటి పెద్ద ఆర్డర్! మా వదిన నోట మంచి మాట రావడం అంత తేలిక కాదు. ఆ రాత్రి నాకు నిద్ర పడితే ఒట్టు.

నిన్న మధ్యాహ్నం బ్రౌన్ షుగర్ డబ్బా తీశాను. రాయి! చీమలు పట్టవని నేనే తెలివిగా దాన్ని హాల్లో ఏసీ గాలి తగిలే షెల్ఫ్‌లో పెట్టాను. మూత సరిగ్గా పెట్టలేదు. ఆ గాలికి తడంతా ఆరిపోయి గడ్డ కట్టింది. చపాతీ కర్రతో కొడితే కర్రకే సొట్ట పడింది. రోకలి తీసుకున్నా. రెండు దెబ్బలకే కింది ఫ్లాట్ ఆంటీ "ఇల్లు కూలగొడుతున్నరా ఏంది?" అని అరిచింది. ఫోన్‌లో వెతికితే, డబ్బాలో బ్రెడ్ ముక్క వేసి రాత్రంతా ఉంచమని ఒకరు చెప్పారు. నాకు రాత్రంతా ఎక్కడిది! తడి టిష్యూ కప్పి మైక్రోవేవ్‌లో పెట్టమని ఇంకొకరు. పెట్టేశాను.

అంతే, హాల్లోంచి మా ఆయన కేక. "గ్రేసీ! ఏసీ బంద్ అయింది!"

అసలే మే నెల. కొత్త ఏసీ ఉందనే కూడిక మా ఇంట్లో పెట్టారు. పైగా బోరబండ నుంచి ఆటోలో ఎండకు వచ్చే పాస్టరమ్మ గారికి బీపీ. మా ఆయన స్టూల్ ఎక్కి ఫిల్టర్లు పీకి, కడిగి, బిగించాడు. ఏసీ మొదలైంది! "చూసినవా? దుమ్ము! మెకానిక్‌ని పిలిస్తే గ్యాస్ పోయిందనేటోడు" అని కాలర్ ఎగరేశాడు.

నా చక్కెర పైపైన మెత్తబడింది, లోపల ఇంకా రాయే. మళ్లీ మైక్రోవేవ్. మళ్లీ ఏసీ బంద్! ఈసారి రిమోట్‌లో సెల్స్ మార్చాడు. కాసేపటికి వచ్చింది. "సెల్సే!" అన్నాడు. ఇంకో విడత మైక్రోవేవ్ పెట్టాను. ఏసీ మళ్లీ పడుకుంది. ఆయన మెయిన్ దగ్గర స్విచ్‌లన్నీ పైకీ కిందికీ ఆడించి, చివరికి మెకానిక్‌కి ఫోన్ చేశాడు. "పంజాగుట్ట సిగ్నల్ కాడున్న అన్నా, గిప్పుడే వస్తున్న" అన్నాడట. ఇప్పటికీ రాలేదు. సిగ్నల్ ఇంకా పడలేదేమో!

మొత్తానికి చక్కెర విడిపోయింది, పిండి కలిపాను, టిన్ను ఓవెన్‌లో పెట్టాను. సరిగ్గా అప్పుడే అందరూ వచ్చారు. ఏసీ బంద్. హాల్లో ఒకటే ఉక్క! పాస్టరమ్మ గారు పైట కొంగుతో మొహం తుడుచుకుని, "ఏసీ గురించి కూడా ప్రార్థిద్దాం, దేవునికి అసాధ్యమైనది లేదు" అన్నారు. నేను ఓవెన్ దగ్గరే కాపలా. వేడి సరిపోయి లోపల ఎర్ర లైట్ ఆరింది. కాసేపటికి హాల్లో ఏసీ చప్పుడు, వెంటనే "స్తోత్రం!" అని కేకలు. ఓవెన్ మళ్లీ ఎర్రబడింది. హాల్లో నిశ్శబ్దం. లైట్ ఆరింది. కాసేపాగి "స్తోత్రం!" ఎర్రబడింది. నిశ్శబ్దం.

అప్పుడు వెలిగింది నా బుర్ర! ఎండాకాలం మా బిల్డింగ్‌లో వోల్టేజ్ అంతంత మాత్రమే. అప్పుడు నా మైక్రోవేవ్, ఇప్పుడు నా ఓవెన్ ఉన్న కాస్తా లాగేస్తుంటే, స్టెబిలైజర్ ఏసీని ఆపేస్తోంది. ఓవెన్ తగ్గాక కూడా కాసేపాగి గానీ వదలదు. ఫిల్టర్ తప్పు లేదు, సెల్స్ తప్పు లేదు. ఓవెన్ ఆపేద్దామా? కేక్ అప్పుడప్పుడే పొంగుతోంది. ఇప్పుడు ఆపితే కుంగిపోతుంది. కేక్‌తో పాటు ఆర్డర్ కూడా!

ఇంతలో పాస్టరమ్మ గారి గొంతు. "ఈ ఇంట్లో ఏదో అడ్డుపడుతోంది. పదండి, గది గదికీ తిరిగి ప్రార్థన చేద్దాం." బెడ్‌రూమ్ అయింది, బాల్కనీ అయింది, అందరూ వంటింట్లోకి వచ్చారు! నేను ఓవెన్‌కి అడ్డంగా చున్నీ పరిచి నిలబడ్డా. వీపు కాలిపోతోంది. పాస్టరమ్మ గారు కళ్లు మూసుకుని, సరిగ్గా నా వైపే చెయ్యి చాపారు. "ప్రభువా, ఈ వంటింట్లో దాగి అడ్డుపడుతున్న దుష్టశక్తిని బంధిస్తున్నాం!"

"ఆమెన్!" అన్నారు అందరూ. నేను కూడా అన్నా, ఏం చెయ్యను! పాస్టరమ్మ గారి మొహం కందిపోయి ఉంది, చెమట ధారలు కారుతున్నాయి. నాకు భయమేసింది. ఆర్డర్ పోతే పోయిందని చెయ్యి వెనక్కి పెట్టి స్విచ్ ఆపేశాను.

ప్రార్థన ముగిసేలోపు హాల్లో ఏసీ అందుకుంది. ఇంక చూడండి, హల్లెలూయలతో బిల్డింగ్ అదిరిపోయింది! ఒక్క మా వదిన మాత్రం అనలేదు. ఆవిడ ప్రార్థనలో కళ్లు మూసుకోదు, ఎవరు ఏ చీర కట్టుకొచ్చారో చూస్తుంటుంది. ఇప్పుడు నా చెయ్యీ, స్విచ్చూ చూస్తోంది.

కేక్ నడుమ కుంగి మూకుడులా తయారైంది. చుట్టూ ఉడికింది, మధ్యలో పచ్చి. అంచులు కోసి పెట్టాను. నాకైతే ఏడుపే తక్కువ. వదిన ఒక ముక్క తింది. ఇంకో ముక్క తీసుకుంది.

అందరూ బయల్దేరుతుంటే పాస్టరమ్మ గారు నా నెత్తి మీద చెయ్యి పెట్టి, "ఇంక ఫికర్ చెయ్యకమ్మా. ఆ శక్తి మళ్లీ ఆ వంటింట్లో అడుగు పెట్టదు" అన్నారు.

చెప్పులేసుకుంటున్న వదిన తల ఎత్తింది. "అట్లనకండి పాస్టరమ్మ గారూ! నా బిడ్డ ఎంగేజ్‌మెంట్ కేక్ ఆ శక్తికే చెప్పిన!"