ఆకుగూటి మీద కప్పిన గోతం

మా చిన్నప్పుడు... పత్తికి మందు కొట్టే రోజుల్లో నాన్న చేలోంచి ఇంటికొచ్చేసరికి పంపులో ఎంతో కొంత మందు మిగిలేది. కొని తెచ్చిన మందు పారబొయ్యడానికి ఎవరికి మనసొప్పుతుంది? దొడ్లో ఉన్న వంగకో, బెండకో కొట్టేసి పంపు కడిగేసేవాడు. పర్చూరు వైపు మా నల్లరేగడి ఊళ్లో ఇంటింటా అదే తంతు. అది తప్పని మాకెప్పుడూ అనిపించలేదు.

ఆ యేడు బావి పక్కన ముదురు వంగ చెట్టొకటి ఉండేది. కాపు ఉడిగిపోయినా పీకెయ్యబుద్ధి కాక అమ్మ వదిలేసింది. ఒకరోజు నీళ్లు పోస్తుంటే రెండాకులు ఒకదానికొకటి అతుక్కుని కనిపించాయి. ఏంటా అని వంగి చూస్తే... కుట్లు! నిజంగా కుట్లే.

కుట్టింది ఒక బుల్లి పిట్ట. వీపు పసరు రంగు, తల మీద ఇటుక రంగు, తోకేమో ఎప్పుడూ నిక్కబొడుచుకునే ఉండేది. మనిషి ఇంతే గానీ గొంతు మాత్రం ఇల్లెగిరిపోయేంత!

వసారా మూలన కిందటేటి పత్తి కాస్త మిగిలి ఉంటే అది ఆ దూది ఎత్తుకెళ్లేది. ముక్కుతో ఆకు అంచున చిల్లు పొడిచి, దూదిని అందులోంచి అవతలికి లాగేది. ముడి వెయ్యదు. బయటికొచ్చిన దూది విచ్చుకుని బొడిపెలా ఆగిపోతుంది, ఇక జారదు. ఆకుని తెంపకుండా చెట్టునే ఉంచి కుట్టడంతో గూడు వాడదు, రంగు మారదు... పక్కనే నిలబడినా కంటికి ఆనదు. లోపల మళ్లీ మెత్తగా దూది పరుపు.

అమ్మని లాక్కొచ్చి చూపించాను.

"ముడి లేకుండా ఎట్టా నిలబడిందే! నేను అన్ని ముళ్లేసి కుట్టినా మీ నాన్న చొక్కా గుండీ వారం ఆగదు" అంది.

"నన్నంటావేం, దాని దగ్గర కుట్టు నేర్చుకోరాదూ" అని నాన్న బావి దగ్గర్నుంచే నవ్వాడు.

గుడ్లు పిల్లలయ్యాయి. ఒంటి మీద నూగు కూడా లేదు. ఎప్పుడు చూసినా నోళ్లు తెరుచుకునే ఉండేవి. బడి నుంచి రాగానే సంచీ గిరాటేసి అక్కడికే పరుగెత్తేదాన్ని.

అప్పుడే ఆ వంగాకుల మీద చిల్లులు కనిపించాయి. పచ్చ పురుగులు! మందు కొట్టే ఇంట్లో పుట్టిన పిల్లని కదా... చిల్లు చూస్తే మందే గుర్తొస్తుంది. పురుగులు గూటి ఆకు కూడా తినేస్తే? కుట్లూడి పిల్లలు కింద పడితే?

"నాన్నా, మిగిలిన మందు ఆ వంగ చెట్టుకి కొట్టవా? పురుగు పట్టేసింది."

"పిట్ట పిల్లలున్నాయి కదమ్మా!"

"గూటి మీద గోతం కప్పుదాం నాన్నా."

నాన్న కాసేపు ఆలోచించి సరేనన్నాడు. తడి గోతం తెచ్చి, గూడు నలక్కుండా పై కొమ్మకి కట్టాడు. మట్టి ఎగరేసి గాలి ఎటుందో చూసుకున్నాడు. గూటి వైపు పంపు తిప్పకుండా ఎంతో జాగ్రత్తగా కొట్టాడు. తర్వాత గోతం తీస్తే పిల్లలు నోళ్లు తెరిచి ఒకటే గోల. ఇద్దరం తెగ సంబరపడ్డాం.

నాన్న స్నానానికి వెళ్లాడు. నేను అక్కడే కూర్చున్నాను. మందు తగిలిన పురుగులు మెలికలు తిరుగుతూ కింద రాలుతున్నాయి. తల్లి పిట్ట వచ్చి ఒకదాన్ని పట్టుకుపోయింది. మళ్లీ వచ్చింది. పాపం, ఎంతసేపని వెతుక్కుంటుందిలే అని... పుల్లతో ఆ పురుగుల్ని ఏరి, ఒక ఆకులో వేసి బావి గట్టు మీద పెట్టాను. అది బెదరకుండా వచ్చి తీసుకెళ్తుంటే మురిసిపోయాను.

మర్నాడు పొద్దున గూట్లో చప్పుడు లేదు. తల్లి పిట్ట ముక్కున పురుగు పట్టుకుని గూటి అంచున వాలుతోంది, ఎగిరిపోతోంది, మళ్లీ వచ్చి వాలుతోంది. వేలితో ఆకు వంచి చూశాను. పిల్లలు మెడలు వాల్చేశాయి. ఒకదాని నోట్లో సగం మింగిన పచ్చ పురుగు. ఏం జరిగిందో నాకు అక్కడే తెలిసిపోయింది.

నాన్న వచ్చి చూశాడు.

"గాలి తిరిగినట్టుందమ్మా... ఇంకో గోతం కప్పాల్సింది. తప్పు నాదే" అన్నాడు.

నేను నోరు విప్పలేదు. పైగా అవునన్నట్టు తలూపాను.

ఎండకి, వానకి, కాకికి, పిల్లికి... అన్నిటికీ ఉపాయం ఆలోచించుకుంది ఆ పిట్ట. పిల్లల నోటికాడి కూడే విషమవుతుందని మాత్రం దానికెలా తెలుస్తుంది? తన ముక్కుతో తనే పెట్టుకుంది. నేను చేతికందించాను. తల్చుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆ తర్వాత నాన్న దొడ్లో ఎప్పుడూ మందు కొట్టలేదు. పుచ్చు వంకాయలు తరుగుతూ అమ్మ ఎంత సణిగినా వినలేదు. మాటల్లో పిట్టల ఊసొస్తే ఇప్పటికీ "ఆ రోజు గాలి సరిగ్గా చూసుకోలేదు" అంటూ తల దించుకుంటాడు.

ఇప్పుడు మాది గుంటూరు, బ్రాడీపేటలో ఫ్లాటు. బాల్కనీలో నాలుగు కుండీలు. మొక్కలు పెంచేవాళ్ల గ్రూపులో రోజూ ఎవరో ఒకరు చిల్లులు పడ్డ ఆకు ఫొటో పెట్టి "ఏం స్ప్రే కొట్టాలండీ?" అని అడుగుతారు. గబగబా మందుల పేర్లు వచ్చి పడతాయి... ఆ పురుగు ఎవరి కూడో అని ఒక్కరూ అడగరు. ఆ రోజు నేను మాత్రం అడిగానా? ఊళ్లో దొడ్లన్నీ సిమెంటయిపోయాయి. ఆ పిట్టని చూసి ఎన్నేళ్లయిందో.

మీ వైపు ఆకులు కుట్టే పిట్ట ఇంకా ఉందా? దాని గూడు ఎప్పుడైనా చూశారా? రాయండి... ఇంకా ఉందని ఎవరైనా చెబితే కాస్త ఊపిరి పీల్చుకుంటాను.

నాన్న ఈమధ్యే ఫోను చూడటం నేర్చుకున్నాడు. నా పోస్టులన్నీ చదువుతున్నాడట.

నాన్నా... ఆ రోజు గాలి తిరగలేదు. గోతం నువ్వు బాగానే కట్టావు. పురుగులు ఏరి పెట్టింది నేను.