రెండంగుళాలు చాలన్న డాక్టరమ్మ

కోవిడ్ తగ్గుముఖం పట్టిన ఏడాది, వేసవి మొదట్లో నన్ను ఒడిశాలోని సెమిలిగుడ డిపోకి వాహనాల విభాగం సీనియర్ ఇంజినీరుగా వేశారు. రోడ్లు, షెడ్లు కట్టే కాంట్రాక్టు కంపెనీ మాది. నా కింద ఒక ఫోర్‌మన్, కొందరు మెకానిక్కులు, నా పైన మేనేజరు గారు. ఛార్జి తీసుకున్న కొత్తల్లోనే ఆయన నన్ను పిలిచి, కంపెనీ దానంగా ఇస్తున్న ఫోర్ బై ఫోర్ పికప్‌ని టికిరి పైనున్న కొండ ఊళ్లనుంచి రోగుల్ని దించే బండిగా తయారు చెయ్యమన్నారు. ఎత్తు పెంచే కిట్ ఏది వెయ్యాలో తేల్చడం నా పని. వానలు పడేలోపు బండి కొండెక్కాలి.

ఆ గడువు పెట్టింది డాక్టర్ సుగుణ గారు. గుణుపురం దగ్గర రైతుల ఇంటి ఆడపడుచు, తాతలది శ్రీకాకుళం వైపు. టికిరి చుట్టుపక్కల ఊళ్లు తిరిగి వైద్యం చేసేవారు. పై ఊళ్లో సుమని అనే కోందు గిరిజన ఇల్లాలు కిందటేడు వానల్లో పురిటి నొప్పులతో, కర్రకి కట్టిన డోలీలో దిగుతూ, అంబులెన్సు ఆగిన వాగు దాకా చేరకముందే బిడ్డని పోగొట్టుకుంది. మళ్లీ శ్రావణంలో ఆమెకి నెలలు నిండుతాయి. డాక్టరమ్మ బండి గురించి మాట్లాడినప్పుడల్లా సుమని పేరు వచ్చేది.

కిట్ అంటే తెలియనివారికి రెండు ముక్కలు. బండి ఛాసిస్‌కీ చక్రాలకీ మధ్య ఎడం పెంచే సామాను అది. ముందు స్ప్రింగులు, షాకబ్జర్లు మారుస్తారు, వెనక కమాను పట్టీలు మారుస్తారు. చవగ్గా తేల్చేద్దామనుకునేవాళ్లు ఇరుసుకీ కమానుకీ మధ్య ఇనప దిమ్మలు పెట్టి ఊరుకుంటారు. ఎత్తు పెరిగినకొద్దీ బండి పక్కవాలులో తూలుతుంది, ముందు ఇరుసు జాయింట్లు వంపులో తిరిగి తొందరగా అరుగుతాయి. పైగా ఎంత కిట్ వేసినా వెనక ఇరుసు నడుమ వేలాడే డిఫరెన్షియల్ పెట్టె పిసరంత కూడా లేవదు. దాన్ని లేపేది పెద్ద టైరు ఒక్కటే.

మేనేజరు గారి మనసు నాలుగంగుళాల కిట్ మీద ఉంది. ప్రారంభోత్సవం నాడు పక్కన నిలబడితే ఫొటో నిండుగా ఉండాలని ఆయన ముచ్చట. వాగులో రాళ్లు చూసొచ్చాక నాకూ ఎత్తే మంచిదనిపించింది. నచ్చకపోతే వెనక్కి తీసుకుంటానని సరఫరాదారు ఒప్పుకున్నాడు. అదే బిగించి, ఆర్టీవో అనుమతికి పెట్టేముందు పరీక్ష కోసం టికిరి తీసుకెళ్లాం.

అది సంత రోజు. పై ఊరి డోలీ మోతగాళ్లు సంతకి దిగితే డాక్టరమ్మ వాళ్లని ఆపి ఉంచారు. బండి ఎంత ఎక్కినా ఆఖరి ఏటవాలు డోలీదే. అక్కడివాళ్లకి ఒక పట్టింపు ఉంది. ఒకసారి భుజానికెత్తిన మనిషిని చేరాల్సిన చోటు చేరేదాకా నేలకి దించరు. భుజాలు మార్చుకుంటారు గానీ కర్ర కింద పెట్టరు. దిగేటప్పుడు తల పైకి ఉండాలని కాళ్లు ముందుకి పెట్టి మోస్తారు.

డాక్టరమ్మ చెప్పులు విడిచి, చీర కొంగు బిగించి, తానే డోలీలో పడుకున్నారు. అంతమంది సంత జనం చూస్తున్నా ఆవిడకి పట్టలేదు. ముందువాడు బండి తొట్టిలోకి కాలు వెయ్యబోయాడు, అందలేదు. తోటివాడు నడుం పట్టి ఎక్కించాడు. ఆ ఎక్కడంలో కర్ర ముందుకొస లేచి, ఆవిడ కాళ్లు పైకీ తల కిందికీ అయిపోయాయి. డోలీలోంచే అన్నారు:

“ఇంజినీరు గారూ, రాళ్లకి కొలతలు తీసేరు కదా. ఈళ్ల భుజాలకి కూడా తియ్యండి.”

తర్వాత బండి తొట్టిలో స్ట్రెచర్ మీద పడుకుని వాగు దాకా వెళ్లొచ్చారు. తిరిగొచ్చేసరికి మోచెయ్యి గీరుకుపోయి ఉంది. “నాకే నడుం ఇరిగినట్టుంది. నొప్పులొచ్చే మనిసి ఏటైపోద్ది?” అన్నారు. ఆ కిట్‌లో కమానులు టన్ను బరువుకి చేసినవి. రోగి, తోడు మనిషి, మందుల పెట్టె, ఇంతే ఉంటే అవి వంగవు, ప్రతి గుంతనీ నేరుగా వీపుకి అందిస్తాయి. కాగితం మీద నాకు తెలిసిన సంగతే ఆవిడ మోచేతి మీద కనిపించింది. ఆవిడ మీద గౌరవం అప్పుడు కలిగింది, ఈరోజుకీ తగ్గలేదు.

ఎత్తు రెండంగుళాలు చాలని డాక్టరమ్మ అన్నాక, పాతది వెనక్కిచ్చి ఆ కిట్ తెప్పించాం. మొయ్యబోయే బరువు లెక్కగట్టి మెత్తటి కమానులు, వాటికి సరిపడే షాకబ్జర్లు, ఒక సైజు పెద్ద టైర్లు వేశాం. మోతగాళ్ల భుజాలు కొలిచి ఫోర్‌మన్ వెనక తలుపు కింద మడిచే ఇనప మెట్లు చేశాడు. ముందువాడు తొట్టిలోకి నడిచిపోతే, వెనకవాడు మెట్టెక్కి కర్రని సమంగా పట్టుకోగలడు. ఫొటో తేలిపోతుందని మేనేజరు గారు గునిశారు. “మీరొక్కసారి డోలీలో పడుకుని రండి సార్, అప్పుడు మీరు సెప్పిన ఎత్తే ఏయిద్దాం” అని డాక్టరమ్మ ఎంతో మర్యాదగా అన్నారు. ఆయన తన పొట్టకేసి ఒకసారి చూసుకుని సంతకం పెట్టేశారు.

శ్రావణంలో ముసురు పట్టిన పొద్దున కబురొచ్చింది. డాక్టరమ్మతో పాటు నేనూ బండిలో వెళ్లాను. వర్షంలో డోలీ దిగింది. ముందువాడు ఆగకుండా మెట్లెక్కి తొట్టిలోకి నడిచాడు, వెనకవాడు మెట్టు మీద నిలిచి కర్ర ఎత్తిపట్టాడు. సుమని తల వాలలేదు. కర్ర నేలని తాకలేదు. ఆమెని స్ట్రెచర్ మీదికి చేర్చి, మోతగాళ్లూ ఖాళీ కర్ర భుజాన పెట్టుకుని బండిలోనే కూర్చున్నారు. డాక్టరమ్మ పక్కనే కూర్చుని, “అమ్మి, కళ్లు ముయ్యకు, నాకేసి సూడు” అంటూనే ఉన్నారు. సుమనికి తెలుగు రాదు, అయినా చూస్తూనే ఉంది. వాగులో డిఫరెన్షియల్ ఒక రాయిని గీరింది. అయినా బండి ఆగలేదు.

ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. వరండాలో నిలబడ్డ మోతగాళ్లు పిల్ల ఏడుపు విన్నాకే భుజం మీది ఖాళీ కర్ర దించి గోడకి ఆనించారు.

ఆ తర్వాత కిట్ కోసం ఎవరొచ్చినా ఎన్ని అంగుళాలు కావాలని నేను ముందు అడగలేదు. బండిలోకి ఎవరెక్కుతారు, ఎవరెక్కిస్తారు అని అడిగేవాణ్ణి. అంగుళాల లెక్క ఆ తర్వాతే వేసేవాణ్ణి.