రాజోలు నర్సమ్మ బొమ్మల బడి

రాజోలులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఇరవై ఏళ్లకు పైగా నర్సుగా చేసిన రాహేలు, ఒక సోమవారం డ్యూటీకి వెళ్లకుండా డాబా మీద కూర్చుని అరటాకు బొమ్మ వేసింది. మర్నాడూ వెళ్లలేదు.

"ఒంట్లో బాలేదా?" అన్నాడు భర్త శ్యామ్ సుందర్.

"బానే ఉందండి. ఉద్యోగం మానేసేను. ఇక బొమ్మలేస్తాను, పిల్లలకి నేర్పుతాను."

ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారు. "ఎవరి పిల్లలకి?" అన్నాడు.

పిల్లలెవరూ రాలేదు. ఇంజక్షన్లకు మాత్రం జనం ఇంటికే రాసాగారు. విసిగిపోయి గేటుకు బోర్డు కట్టించింది: 'ఇచ్చట చిత్రలేఖనం నేర్పబడును. ఇంజక్షన్లు చేయబడవు.' ఆవిడ నర్సని అప్పటిదాకా తెలియనివాళ్లకు కూడా దాంతో తెలిసిపోయింది. వరండా నిండిపోయింది.

ఆ వచ్చినవాళ్లలో దుర్గారావు ఒకడు. ఓడలరేవులో పడవ నడిపి మానేసి, రాజోలులో కూతురి దగ్గర ఉంటున్న పెద్దమనిషి.

"అమ్మగారూ, బీపీ ఒక్కసారి చూడండమ్మా."

"చూస్తానండి. ముందు ఆ పూలకుండీ బొమ్మ గియ్యండి."

"నేనాండీ? నాకు సంతకం పెట్టడమే రాదండి."

"కుండీకి సంతకం ఎందుకండీ?"

ఆయన చెమటలు కక్కుతూ గీశాడు. అది చెవులున్న గుమ్మడికాయలా వచ్చింది. తర్వాత చూస్తే బీపీ మామూలుగా ఉంది. దుర్గారావు దిగులుపడ్డాడు. "ఎక్కడో తేడా జరిగిందమ్మా. నాకు బీపీ ఉందని ఊరంతటికీ తెలుసండి!"

ఆ కబురు పాకింది. "ఇది వైద్యం కాదండీ, మాత్రలు మానకండి" అని రాహేలు మొత్తుకున్నా ఎవరూ వినలేదు. ఒకాయన తన బొమ్మలు పట్టుకుని డాక్టరు దగ్గరికే వెళ్లాడట. "ఇది పరగడుపున వేసిందండి, ఇది భోజనం తర్వాత." డాక్టరు రెండూ పరిశీలించి, రెండోది కాస్త వాలిందన్నాడట.

ఒక సాయంత్రం రాహేలు కళ్లు తుడుచుకుంది. "బొమ్మ కోసం ఒక్కరూ రావట్లేదండి."

"దుర్గారావుగారు ఈమధ్య బీపీకి చెయ్యి చాపడం మానేసేరు, చూసేవా?" అన్నాడు శ్యామ్ సుందర్.

వరండాలోకి తొంగిచూసింది. అందరూ వెళ్లిపోయారు. దుర్గారావు ఒక్కడే కూర్చుని కుండీ మెడ చెరుపుతూ, మళ్లీ గీస్తూ ఉన్నాడు.

గోదావరికి వరద తగిలినప్పుడు, బొమ్మలు వేయించడానికి అందరినీ గట్టు మీదికి తీసుకెళ్లింది. అట్టలు ఒళ్లో పెట్టుకుని వరసగా, మౌనంగా కూర్చున్నారు. ధర్నా అనుకుని ఎస్సైగారు జీపు దిగాడు.

"మీ డిమాండేంటండీ?"

"ఎర్రమట్టి రంగండి" అన్నాడు దుర్గారావు తలెత్తకుండా. "అయిపోయిందండి."

ఎస్సై వాళ్ల వెనకే నడుస్తూ ఒక్కో బొమ్మా చూశాడు. చివరికి రాహేలు వెనక ఆగి, మెల్లగా, "ఆ పడవ కాస్త పెద్దదయిందేమోనండీ" అన్నాడు.

"ఆయ్, అయిందండి" అంది రాహేలు. పక్కకు జరిగి, ఆయన చేతికి ఒక పెన్సిలిచ్చింది.