డాక్టరమ్మ అనని మాట

నేను ఆడిన ఒక అబద్ధాన్ని నమ్మి ఒక మనిషి ఇన్నేండ్లుగా తనను తాను తిట్టుకుంటా బతుకుతాంది. ఆ బరువు నా మింద ఉండాది. అన్నం తినేటప్పుడు ఉంటాది. బట్టలు పిండేటప్పుడు ఉంటాది. ఎవురైనా నన్ను మంచి మనిషి అన్న పొద్దు ఇంకా ఎక్కువ ఉంటాది. నా మొగునికి చెప్పలేదు. కన్నతల్లికి చెప్పలేదు. మీరెవురో నాకు తెల్దు, నేనెవురో మీకు తెల్దు. అందుకే మీకు చెప్తాన్నా. మధ్యలో తడబడితే సిగ్గు అడ్డమొచ్చిందని అనుకోండి.

పుట్టింది ఆళ్ళగడ్డలో, ఇచ్చింది నంద్యాలకు. ఐదో తరగతితో బడి అయిపోయింది. రాయను, చదవను వస్తాది, అంతే. కానీ ఒకసారి విన్నది నాకు పోదు. మా అవ్వ చెప్పిన దయ్యాల కథలు అన్నీ ఉండాయి. ఏ కథలో ఏ మాటకాడ ఆమె వక్క నమలడం ఆపేదో, అది కూడా ఉండాది. ఆ కథలే నాకు అత్తగారింట్లో విలువ తెచ్చినాయి. సాయంత్రం కరెంటు పోతే చాలు, మా పిల్లోళ్ళు, పక్కిండ్ల పిల్లోళ్ళు పరిగెత్తుకొచ్చి ఒకరి కాళ్ళ మింద ఒకరు కూర్చునేటోళ్ళు. నల్లమల దోవలో ఒంటెద్దు బండి కథ మొదలుపెట్టినానంటే నీళ్ళు తాగను కూడా ఎవురూ లేచేటోళ్ళు కాదు. నాకు చదువు లేదు, రంగు లేదు, పుట్టింటి బలం లేదు. ఉండేది అదొక్కటే. నన్ను క్షమించమని చెప్పడం లేదు ఇది. ఆ ఒక్కటి చేజారిపోతాంటే నేను ఎట్లాంటి మనిషినయినానో మీకు తెలియాలని చెప్తాన్నా.

ఆమె పేరు సరోజ అనుకుందాం. మా మరిది పెండ్లాం, నాకు తోటికోడలు. కర్నూలులో డిగ్రీ చదివింది. పెండ్లయిన కొత్తలోనే మా మరిది ఇంటి ముందర రూములో కంప్యూటర్లు పెట్టి నెట్ సెంటర్ తెరిచినాడు. కాలేజీ పిల్లోళ్ళు పరీక్ష ఫలితాలు చూసుకోను వచ్చేటోళ్ళు, మిగతా పొద్దంతా ఆటలు ఆడేటోళ్ళు. మరిది బయట తిరుగుతా ఉంటే సరోజ అంగట్లో కూర్చునేది. చూసీ చూసీ ఆమె కూడా ఆడను నేర్చుకుంది.

ఆ ఆటల్లో ఒకటి ఉన్నింది. అప్పటికే పాతదంట, ఎవురో హైదరాబాదు నుంచి సీడీ తెచ్చినారు. ఏదో చలి దేశంలో పెద్ద రాళ్ళకోట. కోట నిండా రక్తం తాగే పిశాచాలు. మన చేతిలో పాతకాలం తుపాకీ. ఒక గుండు పేలిస్తే మళ్ళా మందు కూరుకునేదాకా ఆగాల. తుపాకీ దెబ్బకు పడతాయి గాని చావవు, గుండెలో కొయ్య దిగ్గొట్టాల. ఆ ఆట మింద మా ముందర రూములో జరిగిన పంచాయితీలు ఇన్నీ అన్నీ కావు. బొమ్మలు మసకగా ఉండాయని ఒకడు. మసక ఉండబట్టే భయమని ఇంకొకడు. "మందు కూరేలోపల మెడ పట్టుకుంటాది, ఇదేం ఆటప్పా, మోసం" అని ఒకడు లేచిపోతే, "నీకు చేతగాక ఆటను అంటావేంరా" అని సరోజ నవ్వేది. వాళ్ళందరికంటే ఆమే బాగా ఆడేది. ఏ తలుపు ముందు తీయాల, యాడ నిలబడి చెవి పెట్టాల, అన్నీ తెలుసు ఆమెకు.

మెల్లగా మా పిల్లోళ్ళు ఆమె కుర్చీ వెనక చేరినారు. కరెంటు పోతే నా దగ్గరికి వచ్చేటోళ్ళు గాని, కూర్చోని కూడా ఆ కోట ముచ్చటే. ఒక పొద్దు నేను కథ మధ్యలో ఉండంగా నా కడుపున పుట్టినోడే అన్నాడు: "మా, నీ దయ్యం ఎప్పుడూ చింతచెట్టు మింద నుంచే వస్తాది. చిన్నమ్మ ఆటలో యాడ నుంచి వస్తాదో తెలీదు." పిల్లోళ్ళంతా నవ్వినారు. నేనూ నవ్వినాను. నవ్వి, లోపలికి పోయి, తోమిన గిన్నెనే మళ్ళా తోమినాను.

ఇంకొక సంగతి ఒప్పుకోవాల. అంగట్లో ఎవురూ లేని ఒక మధ్యాన్నం సరోజే నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకొని ఆ ఆట చూపించింది. చాలాసేపు ఏమీ జరగలేదు. పొడుగాటి వసారా. తలుపు సందులో సన్నని వెలుతురు. గాలి చప్పుడు. ఏమీ జరగని ఆ సేపే నన్ను పట్టుకుంది. మా అవ్వ వక్క నమలడం ఆపే సేపు అది. ఆ మర్మం నాకొక్కదానికే తెలుసని నేను అనుకుంటాంటి, యాడో ఉండేటోళ్ళకు ఎట్లా తెలిసింది? ఆ ఆట బాగలేకుంటే నాకు అంత మంట ఉండేది కాదేమో. బాగుండాది. సరోజ "ఎట్లుందక్కా?" అని ఆశగా అడిగితే "తల నొస్తాంది" అని లేచొచ్చినాను.

ఆ తర్వాత సరోజ నీళ్ళోసుకుంది. మా ఇండ్లల్లో ఒక పద్ధతి ఉండాది. కడుపుతో ఉన్న మనిషి ఇంట్లో ఉంటే దయ్యాల మాట ఎత్తగూడదు. బెదిరితే కడుపు నిలవదని మావోళ్ళ నమ్మకం. ఎవురికైనా బెదురు పట్టిందంటే మసీదు కాడికి పిల్చుకోని పోయి, నమాజు చేసి బయటికొచ్చేటోళ్ళతో మొగం మింద ఊదిపించుకొని వస్తారు. మా అత్త నన్ను పిలిచి, "ఏమ్మే, ఆ పిల్ల కనేదాకా నీ దయ్యాలను మూటగట్టి అటక మింద పెట్టు" అనింది. సరేనన్నాను. పద్ధతి పద్ధతే గదా.

కానీ ముందర రూములో? అది అంగడి పనంట. మా అత్త ఆ రూములో అడుగు పెట్టేది కాదు, ఆ తెర మింద ఏముండాదో ఆమెకు తెల్దు. నాకు తెలుసు. నా నోరు మూయించినారు, సరోజ మాత్రం కడుపుతోనే కూర్చోని నవ్వుకుంటా పిశాచాలను పొడుస్తాంది, పిల్లోళ్ళు కేకలు పెడతాండారు. నాకు లోపల కుతకుత ఉడికేది. అప్పుడే మా అత్తకు ఒక మాట చెప్పినుంటే ఆపేసేది. ఎందుకు చెప్పలేదు? చాడీలు నాకెందుకని ఊరుకున్నానా? ఇన్నేండ్లు అట్లనే అనుకుంటా వచ్చినాను. ఇప్పుడు అనుకోలేను. ఆమె పట్టుబడే పొద్దు కోసం నేను కాచుకోనున్నాను. ఆ బిడ్డకు కీడు కోరుకున్నానా అంటే, లేదు. అది మాత్రం లేదు. లేదనే అనుకుంటాన్నా.

మూడో నెల నిండకముందే సరోజకు కడుపులో నొప్పి లేసింది. మరిది పనిమింద డోన్ పోయినాడు. పిల్లోళ్ళను అత్తకు అప్పజెప్పి నేనే ఆటోలో ఆస్పత్రికి తీసకపోయినాను. దోవ పొడుగునా నా చెయ్యి ఇడవలేదు ఆమె. నేనూ ఇడవలేదు. ఆ సేపు నా మనసులో ఏ ఆటా లేదు, ఏ కథా లేదు. ఇది కూడా నిజమే, రాయనియ్యండి.

కడుపు పోయింది. డాక్టరమ్మ నన్ను వరండాలోకి పిలిచింది. ఆమె మాటలు ఒక్కటీ పొల్లుపోకుండా నాకు గుర్తుండాయి. "పిండం మొదటి నుంచే సరిగ్గా ఎదగలేదమ్మా. ఇట్లా చానామందికి అవుతుంది. ఆ అమ్మాయి తిన్నదాని వల్ల కాదు, చేసినదాని వల్ల కాదు. ఎవరి తప్పూ లేదు. ఇంట్లో పెద్దోళ్ళు ఏదో ఒకటి అంటారు, నువ్వు గట్టిగా చెప్పు. ముందు ఆమెకు చెప్పు." నన్ను నమ్మి చెప్పింది. సరేనమ్మా అన్నాను. చెప్పాలనే పోయినాను మంచం కాడికి.

"అక్కా, డాక్టరమ్మ ఏమనింది?"

"ఏముందిలే. పడుకో."

"చెప్పక్కా. నేనేమన్నా చేసినానా?"

ఆ ప్రశ్న ఆమె అడక్కుండా ఉంటే నేను అబద్ధం ఆడకపోదునేమో. తప్పు కోసం ఆమే వెతుక్కుంటాంది. డిగ్రీ చదివిన పిల్ల, మా ఇంట్లో ఎవురికీ జంకని పిల్ల, నా మొగం వైపే చూస్తాంది. నేను ఏం చెప్తే అదే. పిల్లోళ్ళు నన్ను ఇడిసి ఆ ఆట కాడికి పోయినాక మళ్ళా ఒక మనిషి నా మాట కోసం అంతగా కాచుకునింది అప్పుడే.

"బెదురంట," అన్నాను. "భయపడేటివి ఏమన్నా చూస్తాందా అని అడిగింది."

"ఆటనా?"

నేను పలకలేదు. తల వంచుకున్నాను. దేనికాడ పలకకుండా ఉండాల్నో నాకు బాగా తెలుసు గదా.

"నాకు భయం కాలేదు గదక్కా. నవ్వుకుంటా ఆడినా."

"నీకు కాకుంటే, లోపలుండే బిడ్డకు కాదా?"

ఆ మాట నేనే అన్నాను. ఎవురూ అనిపించలేదు. ఆమె గోడ పక్కకు తిరిగింది. నేను ఆమె ఈపు నిమిరినాను. అంత పని చేసి, ఆ చేత్తోనే ఈపు నిమిరినాను.

ఇంటికొచ్చినాక మా అత్తకు అదే చెప్పినాను. డాక్టరమ్మ మాటని చెప్పినాను. మా ఇంట్లో బెదురును అందరూ నమ్ముతారు, దానికి డాక్టరు మాట కూడా తోడైతే ఇంక ఎదురేముంది? మరొకసారి పోయి ఆ డాక్టరమ్మనే అడుగుదామని ఎవురికీ తోచలేదు. అత్త సరోజను మసీదు కాడికి తీసకపోయి ఊదిపించింది. అన్నిటికీ ఎదురు ప్రశ్న వేసే సరోజ నోరెత్తకుండా మొగం ఎత్తి నిలబడిందంట. మరిది కంప్యూటర్లన్నీ అమ్మేసినాడు. కొన్నాళ్ళకు ఇద్దరూ ఆళ్ళగడ్డకు పోయి ఎరువుల అంగడి పెట్టుకున్నారు. "చదువుకోకున్నా నీకుండే బుద్ధి దానికి లేకపాయె" అని మా అత్త నన్ను మెచ్చుకునింది. ఆ మెచ్చుకోలు నాకు తియ్యగా ఉన్నింది.

ముందర రూము ఖాళీ అయిన సాయంత్రం కరెంటు పోయింది. పిల్లోళ్ళు నా దగ్గరికి వచ్చి కూర్చున్నారు. నేను కథ చెప్పినాను. బాగా చెప్పినాను. నేను అంత బాగా ఎప్పుడూ చెప్పలేదు. ఆడిన అబద్ధాన్ని రాసేదానికంటే ఈ మాట రాసేకే నాకు ఎక్కువ కష్టమయింది.

కొన్నేండ్లకు సరోజకు ఆడపిల్ల పుట్టింది. కడుపుతో ఉన్నన్నాళ్ళూ ఆమె టీవీ చూడలేదంట, వార్తలు కూడా. కిటికీ తలుపు గాలికి కొట్టుకుంటే ఉలిక్కిపడి లేచి కూర్చునేదంట. ఈ పొద్దుకూ ఆ పిల్లకు ఎవురన్నా పిల్లి కథ చెప్పినా సరోజ ఊరుకోదు.

ఈమధ్య మావోడు, ఆ చింతచెట్టు మాటన్నోడే, ఇంజనీరింగు సెలవుల్లో వస్తే ఇద్దరం ఆళ్ళగడ్డకు పోయి సరోజ ఇంట్లో దిగినాము. వానికి మళ్ళా ఆ ఆట గుర్తొచ్చి, దాన్ని గురించి ఎవురెవురు ఏమనుకుంటాండారో కాలేజీలో నెట్లో చదివొచ్చినాడు. ఏయే దేశాలోళ్ళో ఇంకా దాని మింద కొట్లాడుకుంటాండారంట. తుపాకీ దరిద్రమని కొందరు. ఆ తుపాకీ వల్లనే గుండె దడ అని కొందరు. పిశాచాలకు తెలివి లేదు, గోడకు తగులుకోని నిలబడతాయని ఒకడు. ఎన్ని కొత్తవి వచ్చినా ఆ కోటలో నడిచినట్టు లేదని ఒకడు. మావోడు ఒకటొకటి చెప్తాంటే సరోజ చపాతీలు ఒత్తుతా వింటాంది. "నేలమాళిగలోకి పోయే దోవ ఎవురికీ దొరకలేదంట చిన్నమ్మా" అన్నాడు వాడు. "దొరక్కేం, మెట్ల కిందనే ఉంటాది తలుపు. దీపం ఆర్పితే కనపడతాది" అనేసింది ఆమె. అనేటప్పుడు ఆ మొగంలో పాత సరోజ ఉన్నింది. రవ్వంతసేపే. వెంటనే చేతులు కడుక్కోని, పిల్లను ఎత్తుకోని పెరట్లోకి పోయింది.

నేను వెనకనే పోయినాను. చెప్పేయాలనే పోయినాను. నేను నోరు తెరిచేలోపల ఆమే అనింది: "ఆ పొద్దు నువ్వు దాచిపెట్టకుండా చెప్పబట్టే, అక్కా, దీని కానుపుకు జాగ్రత్త పడినా. లేకుంటే ఇది కూడా దక్కేది కాదు. నీ మేలు మరువను."

నేను మేలు చేసినానంటాంది. నేను ఏమన్నానో తెలుసా? "ఊరుకో, అవన్నీ ఇప్పుడెందుకు" అన్నాను. పెద్దరికంగా. అని, పిల్లను ఎత్తుకున్నాను.

నిజం చెప్తే ఆమెకు ఏం మిగులుతాది? బిడ్డ పోయింది తన వల్ల కాదని తెలుస్తాది. ఇన్నేండ్లు ఊరకనే కుమిలినానని కూడా తెలుస్తాది. ఏ అక్క చెయ్యి పట్టుకోని ఆస్పత్రికి పోయిందో ఆ అక్క లేకుండా పోతాది. ఇట్లా ఆలోచిస్తాంటే ఆమె మంచి కోసమే దాస్తాన్నా అనిపిస్తాది. మళ్ళా నాకే నవ్వొస్తాది. ఎవురి మంచి? నన్ను కాపాడుకునేకి నేను ఆడే ఇంకో అబద్ధం అది.

నేను చెప్పిన దయ్యాల కథలు ఆ పిల్లోళ్ళంతా మరిచిపోయినారు. మావోడు కూడా మరిచిపోయినాడు. ఒక్క మాటను మాత్రం ఒక్క మనిషి ఇప్పటికీ నమ్ముతాంది. అది డాక్టరమ్మ అనలేదు, సరోజా. నేను అన్నాను. నీ తప్పు లేదని చెప్పమనింది ఆమె. ముందు నీకే చెప్పమనింది. నాకు నీ మింద కుళ్ళు. అందుకే చెప్పలేదు.

ఇది సరోజ చదువుతాదో లేదో నాకు తెల్దు. చదివితే నన్ను గుర్తు పడతాది. పట్టనీ. రాసినాక రొమ్ము మింద నుంచి ఏదో కొంచెం పక్కకు జరిగినట్టుండాది. ఆమె ఇంకా మోస్తాంటే నాకు మాత్రం తేలికవ్వడం ఏం న్యాయమో, అదీ తెల్దు. కానీ తేలికయింది. అది కూడా దాచుకోకుండా చెప్తాన్నా.